అరవై నాలుగులో యాభై అయిదో భాగం

మా సారు మీద పగ తీర్చుకోవడానికి నాకు ఒకటింపావు అంగుళం పాలరాయి సరిపోయింది. ఆ రాయిని నేను తెప్పించలేదు, నేను వేయించలేదు. ఆయనే తెప్పించుకుని ఆయనే వేయించుకున్నారు. నేను చేసిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. ఆ ఆఫీసులో అన్నేళ్ళుగా నాకు బాగా అలవాటైన పని కూడా అదే.

ఆఫీసు బేగంపేటలో, నాలుగో అంతస్తులో. సారు ఆర్కిటెక్టు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ గట్టిగా నిలదొక్కుకున్న మనిషి. నేను డిప్లొమా చదివిన డ్రాఫ్ట్స్‌మన్‌ని. మా లైన్లో ఆడవాళ్ళను కూడా అలాగే అంటారు. మాది శ్రీకాకుళం జిల్లా. పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి, ఇప్పుడు యాప్రాల్‌లో ఒక ఫ్లాటులో ఉంటున్నాం. అపార్టుమెంట్లు, ఫంక్షన్ హాళ్ళు, నర్సింగ్ హోములు, ఏది వచ్చినా సారు నోటితో చెప్పేవారు, నేను గీసేదాన్ని. సారు చెప్పింది కుదరకపోతే కుదిరేలా నేనే మార్చి గీసేదాన్ని. అలా మార్చానని ఆయనకు తెలిసేది కూడా కాదు. నాకు అప్పట్లో దాని మీద పెద్ద పట్టింపు లేదు.

పట్టింపు వచ్చింది గుడి దగ్గర. సికింద్రాబాద్‌లో మోండా మార్కెట్ అవతల ఒక గల్లీలో జైనుల ట్రస్టు ఒకటి పాత చిన్న మందిరం తీసేసి కొత్తది కట్టాలనుకుంది. ట్రస్టుకు పెద్దాయన ఒకరుండేవారు. తాతల కాలం నుంచి ఇక్కడ బట్టల వ్యాపారం. ఇంట్లో మార్వాడీ మాట్లాడతారు, బయట మనకంటే చక్కగా తెలంగాణ తెలుగు మాట్లాడతారు. మొదటి రోజు ఆఫీసుకొచ్చి సారు ఎదురుగా కూర్చుని ఆయన చెప్పిన మాట నాకు బాగా గుర్తు.

"సాబ్, లెక్క జెర మంచిగ చూడున్రి. బిల్డింగయితే కూలగొట్టి మళ్ళ కట్టుకుంటం. దేవుడిని కూసోవెట్టినంక లేపలేం. కూసోవెట్టే ముందల దారం గుంజి నేనే చూస్త."

సారు అలాగే అలాగే అన్నారు. ఆయన వెళ్ళగానే పుస్తకాల కట్ట తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. "ఇందులో ఆయాలో ఏవో ఉన్నాయంటమ్మా. నాకు బుర్ర తినేసేలా ఉంది. నువ్వు చూసి చెప్పు."

చూశాను. చూస్తూ చూస్తూ అందులో పడిపోయాను. ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఆయం అన్న మాట వినే ఉంటారు. కొందరు వైశాల్యంతో లెక్క కడతారు. ఈ పెద్దాయన చుట్టుకొలత లెక్కే కావాలన్నారు. గర్భగుడి చుట్టుకొలతను మూరల్లో తీసుకుని, మూడుతో హెచ్చించి, ఎనిమిదితో భాగించాలి. మిగిలిన శేషాన్ని బట్టి ఆయం. ఒకటి మిగిలితే ధ్వజం, మూడైతే సింహం, అయిదైతే వృషభం, ఏడైతే ఏనుగు. ఇవన్నీ మంచివి. రెండు మిగిలితే పొగ, నాలుగైతే కుక్క, ఆరైతే గాడిద, ఏమీ మిగలకపోతే కాకి. వీటిని గుడి ఛాయలకు కూడా రానివ్వకూడదు.

సారు మొదట గీయమన్నది తొమ్మిది మూరల చతురస్రం. చుట్టుకొలత ముప్పై ఆరు. మూడుతో హెచ్చిస్తే నూట ఎనిమిది. ఎనిమిదితో భాగిస్తే నాలుగు మిగిలింది. కుక్క. ఒక మూర తగ్గించి ఎనిమిది చేశాను. కాకి. పది చేశాను. మళ్ళీ కాకి. పదకొండు చేశాను. మళ్ళీ కుక్క. సాయంత్రం దాకా కాకులూ కుక్కలే తప్ప ఇంకో జంతువు నా దగ్గరికి రాలేదు. నాకు పిచ్చెక్కినట్టయింది.

ఇంటికి వెళ్తుంటే బస్సులో, రాడ్డు పట్టుకుని నిలబడి ఉన్నప్పుడు, తట్టింది. చతురస్రానికి నాలుగు భుజాలూ సమానం. భుజం పూర్తి మూరల్లో ఉన్నంతకాలం చుట్టుకొలత నాలుగుతో నిశ్శేషంగా పోతుంది. దాన్ని మూడుతో హెచ్చించినా నాలుగుతో పోతుంది. అలాంటి సంఖ్యను ఎనిమిదితో భాగిస్తే మిగిలేది సున్నా, లేదంటే నాలుగు. అంటే చూడముచ్చటైన నిండు మూరల చతురస్రం ఏది గీసినా కాకో కుక్కో తప్ప మరోటి రాదు. మంచి ఆయం కావాలంటే భుజానికి ఒక పావో ముప్పావో తగిలించాల్సిందే. పాత గుళ్ళ కొలతల్లో ఆ తునకలు ఎందుకు కనిపిస్తుంటాయో నాకు అప్పుడు అర్థమైంది. ఎనిమిది ముప్పావు మూరలు వేసి చూశాను. చుట్టుకొలత ముప్పై అయిదు, మూడుతో హెచ్చిస్తే నూట అయిదు, ఎనిమిదితో భాగిస్తే ఒకటి. ధ్వజం. నాలో నేనే నవ్వుకుంటూ మా స్టాపు దాటిపోయాను.

"ఏటి, బస్సులో పడుకున్నావేటి?" అన్నారు మా ఆయన, ఆలస్యంగా వచ్చిన నన్ను చూసి. ఆయనకు వంటింట్లోనే నిలబెట్టి మొత్తం లెక్క చెప్పాను. పాపం, విన్నారు.

ఆ తర్వాత చూపు లెక్క పట్టాను. గర్భగుడి గుమ్మాన్ని గడప పైనుంచి పైదూలం కింది దాకా అరవై నాలుగు భాగాలు చెయ్యాలి. కింది నుంచి లెక్కపెడితే యాభై అయిదో భాగంలో తీర్థంకరుడి చూపు ఆనాలి. సరిసంఖ్య భాగాల్లో పడకూడదు, అవి ఏ దేవుడికీ చెందని ఖాళీలట. మా గుమ్మం ఎత్తు ఎనభై అంగుళాలు పెట్టాను. భాగానికి ఒకటింపావు అంగుళం వచ్చింది. మన బొటనవేలి వెడల్పు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ సందులో రాతి విగ్రహం చూపు పడాలంటే విగ్రహం ఎత్తు, పీఠం ఎత్తు, కింద పరిచే రాయి మందం అన్నీ కలిసి రావాలి. జైన విగ్రహాలు బేసి అంగుళాల్లోనే చేస్తారు కాబట్టి విగ్రహాన్ని కదిలించడానికి లేదు. పీఠాన్ని సవరిస్తూ సవరిస్తూ చివరికి చూపును సరిగ్గా ఆ భాగం నడుమకు తెచ్చాను. నా ఉద్యోగంలో అంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి లేదు.

సారుకు అంతా చెప్పాను. బస్సు సంగతి కూడా చెప్పాను. బుద్ధిలేక చెప్పాను.

ట్రస్టు వాళ్ళకు డిజైను చూపించే సభ బేగంపేటలోనే ఒక పెద్ద హోటల్లో పెట్టారు. సారు ముందు నిలబడ్డారు. నేను వెనకాల కుర్చీలో లాప్‌టాప్ పెట్టుకుని ఆయన చెయ్యి ఊపినప్పుడల్లా స్లైడు మారుస్తున్నాను. కాకి, కుక్క దాకా వచ్చేసరికి సారు గొంతు మారింది. "నాలుగు రోజులు నిద్ర పట్టలేదండీ. ఒకరోజు కారులో వెళ్తుంటే ఠక్కున తట్టింది" అన్నారు. నా బస్సును కారు చేశారు. నేను పట్టుకున్న రాడ్డును స్టీరింగ్ చేశారు. జనం చప్పట్లు కొట్టారు. నేను స్లైడు మార్చాను.

అయిపోయాక పెద్దాయన నన్ను చూసి అడిగారు. "సాబ్, ఈ అమ్మ ఎవరు?"

"మా ట్రేసరండీ" అన్నారు సారు. పూర్వం ఒకరు గీసిన బొమ్మ మీద పల్చటి కాగితం పెట్టి, ఆ గీతల మీదే మళ్ళీ గీసేవాళ్ళను ట్రేసర్లనేవారు. మా పనిలో అంతకంటే కింద మెట్టు లేదు. అక్కడితో ఆగినా బాగుండేది. "చెయ్యి మంచిది. బుర్రకు పని పెట్టనంతవరకూ బంగారం" అని కలిపారు. అందరూ నవ్వారు. చుట్టూ అందరూ నవ్వుతుంటే నా ముఖం కూడా నవ్వేసింది. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

ఇంటికొచ్చి ఏడవలేదు. కంచం ముందు కూర్చుని పళ్ళు నూరుకున్నాను. మా ఆయన, "మానీయ్ ఆ ఉజ్జోగం. ఇంకేటీ దొరకదేటి?" అన్నారు. మానేస్తే లెక్క ఆయన దగ్గరే ఉండిపోతుంది కదా. మానకూడదనుకున్నాను. నాకు జీతం పెంచక్కర్లేదు, శాలువా కప్పక్కర్లేదు. ఆ లెక్క నాది అని ఆయన నోటితోనే, ఆ పెద్దాయన ముందు, జనం వినేలా చెప్పాలి. చెప్పేదాకా వదలకూడదు. ఆ పూట నుంచి నేను ఆఫీసుకు వెళ్ళింది దానికోసమే.

గుడి లేచింది. రాతి ద్వారబంధం నిలబెట్టారు. నేను అప్పుడప్పుడూ సైటుకు వెళ్ళి కొలతలు చూసుకునేదాన్ని. మేస్త్రీలు నాతో మర్యాదగానే ఉండేవారు. సారు వచ్చినప్పుడు మాత్రం నేను పక్కకు తప్పుకోవాలి. ఒకరోజు దాతల కుటుంబమొకటి సైటు చూడటానికి వచ్చింది. గర్భగుడి నేల మీద రంగురాళ్ళతో పూలు పొదిగిన పాలరాయి వేయిస్తామన్నారు. సారు అక్కడికక్కడే సరేనన్నారు. దాతలు అడిగితే కాదనే అలవాటు ఆయనకు లేదు.

మర్నాడు ఆ రాయి కొలతలు నా టేబుల్ మీదికి వచ్చాయి. పూలు పొదగాలంటే రాయి మందంగా ఉండాలి. నేను లెక్కలో పట్టుకున్న దానికంటే ఒకటింపావు అంగుళం ఎక్కువ. సరిగ్గా ఒక భాగం. నేల ఒకటింపావు లేస్తే పీఠం లేస్తుంది, విగ్రహం లేస్తుంది, చూపు యాభై అయిదు దాటి యాభై ఆరులోకి ఎక్కి కూర్చుంటుంది. ద్వారబంధం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. కొత్తగా మార్బుల్ వేయించుకున్నాక తలుపు కింద గీసుకుపోయే ఇళ్ళు యాప్రాల్‌లో ఎన్ని లేవు. మా ఫ్లాటులోనే ఒకటుంది. నేల అందంగా కనిపిస్తుంటే దాని మందం ఎవరికీ గుర్తుండదు. సారుకూ గుర్తు రాలేదు.

నాకు ఎంత సంతోషం వేసిందంటే లేచి మంచినీళ్ళు తాగొచ్చాను.

చెప్పాలా అని ఆలోచించాను. ఆయన గది తలుపు తెరిచే ఉంది. ఆయన ఫోనులో ఎవరికో గుళ్ళలోని గణితం గురించి ఉపన్యాసం ఇస్తున్నారు. నా ఎనిమిది ముప్పావే చెబుతున్నారు, మళ్ళీ కారుతో సహా. వినీ వినీ నా సీట్లోకి వచ్చి కూర్చున్నాను. చెప్పకూడదనుకున్నాను.

అయితే నా పగ ఆయనతో. ఆ తీర్థంకరుడు నాకేం అన్యాయం చేశాడు? ఆ పెద్దాయన ఏం చేశారు? అందుకని పీఠం డ్రాయింగు తీశాను. బన్సీలాల్‌పేట దగ్గర షెడ్డులో దాన్ని చెక్కడం ఇంకా మొదలుపెట్టలేదు. పీఠానికి అన్నిటికంటే కింద నున్నటి పట్టీ ఒకటుంటుంది, చెక్కుడు పని లేనిది. పీఠం మొత్తం ఎత్తు మారకుండా దాన్ని విడి రాయిగా చేసి, మందం ఒకటింపావు అంగుళం పెట్టాను. పైదంతా దాని మీద ఊరికే కూర్చుంటుంది. తీసేస్తే తీసినట్టు కూడా కనపడదు. సారు ఎప్పటిలాగే ఫోనులో మాట్లాడుతూ సంతకం పెట్టేశారు. విషమూ విరుగుడూ రెండూ నా చేతిలోనే పెట్టుకుని ఆ రోజు కోసం ఎదురుచూశాను. అన్నం కూడా బాగా సహించింది.

ప్రతిష్ఠకు ముందురోజు పొద్దున పెద్దాయన దారం గుంజే కార్యక్రమం పెట్టుకున్నారు. ట్రస్టు వాళ్ళు, పూజారులు, వేరే ఊళ్ళ నుంచి వచ్చిన బంధువులు, తెల్ల చీరల్లో ఆడవాళ్ళు, మండపం నిండిపోయింది. సారు పట్టు కుర్తా వేసుకొచ్చి ముందు వరసలో నిలబడ్డారు. నేను వెనక స్తంభం దగ్గర నిలబడ్డాను. విగ్రహాన్ని చైన్ పుల్లీతో దించి పీఠం మీద సరిచూడటానికి కూర్చోబెట్టారు. ఇంకా సిమెంటు పెట్టలేదు. ద్వారబంధం పక్కన అరవై నాలుగు గీతలు గీసిన చెక్కపట్టీ నిలబెట్టారు. మేస్త్రీ తెల్ల దారం ఒక కొస విగ్రహం కళ్ళ దగ్గర పట్టుకున్నాడు. రెండో కొస పెద్దాయన పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. నీళ్ళ పైపు పెట్టి మట్టం చూసుకున్నారు. కళ్ళజోడు సవరించుకుని కింది నుంచి గీతలు లెక్కపెట్టడం షురూ చేశారు.

లెక్క అయ్యాక మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. మూడోసారి పక్కనున్న ఇంకొకాయన చేత పెట్టించారు.

"సాబ్, గిదేంది?" అన్నారు పెద్దాయన. "యాభై ఆరు వస్తున్నది. సరి అంకె. రేపు ముహూర్తం పెట్టుకుని నేనెట్ల కూసోవెడ్త దేవుడిని?"

సారు దారం వైపు చూశారు, మేస్త్రీ వైపు చూశారు, పైదూలం వైపు చూశారు. కాళ్ళ కిందున్న పూల వైపు మాత్రం చూడలేదు. దారం సరిగ్గా పట్టలేదేమో అన్నారు. మేస్త్రీ, "మంచిగనే పట్టిన సార్" అన్నాడు. ఆడవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో అపశకునం అన్నారు. సారు ముఖం కందగడ్డలా అయింది. ఆయన కళ్ళు జనంలో వెతుక్కుంటూ వచ్చి నా మీద ఆగాయి. ఏం రాబోతోందో నాకు తెలిసిపోయింది. స్తంభాన్ని గట్టిగా పట్టుకున్నాను.

"ఈ లెక్కలు నావి కాదండీ" అన్నారు గట్టిగా, నా వైపు చెయ్యి చూపిస్తూ. "అన్నీ ఆవిడే వేసింది. ఆ ఎనిమిది ముప్పావు దగ్గర్నుంచి ఈ చూపు దాకా ప్రతీదీ ఆవిడదే. నేను నమ్మి సంతకం పెట్టానంతే."

నేను కోరుకున్నది ఇదే. ఆయన నోటితోనే, ఆ పెద్దాయన ముందు, జనం వినేలా. నేను అడగాలనుకున్న దానికంటే ఎక్కువే చెప్పారు. తల మీద ఎన్నాళ్ళుగానో ఉన్న బరువును ఎవరో దించినట్టయింది. ఆయన నన్ను ముంచుదామనే అన్నారు. అయినా ఒక్కసారి బయటికి వచ్చిన మాట మళ్ళీ లోపలికి పోదు కదా.

"నిజమేనా అమ్మా?" అన్నారు పెద్దాయన.

"నిజమేనండీ" అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. "మొదటి నుంచి లెక్కంతా నాదే. లెక్క తప్పు కాదు, నేల మారింది. నేను వేసిన దానికంటే ఈ పూల రాయి ఒకటింపావు అంగుళం ఎక్కువ మందం. ఈ రాయికి ఒప్పుకున్నదెవరో మీకు తెలుసు."

పెద్దాయన సారు వైపు చూశారు. సారు అప్పుడు కాళ్ళ కింది పూల వైపు చూశారు.

మేస్త్రీని పిలిచి విగ్రహాన్ని, పీఠాన్ని పుల్లీతో జానెడు లేపమన్నాను. పీఠం కింది విడి పట్టీ లాగేయమన్నాను. ఇద్దరు పట్టుకుంటే బల్ల సొరుగులా బయటికి వచ్చేసింది. మళ్ళీ దించారు. మళ్ళీ దారం గుంజారు. పెద్దాయన లెక్క మొదలుపెట్టేసరికి సారు కూడా ఆత్రంగా ముందుకొచ్చి తల పెట్టారు.

"మీరు జెర పక్కకు జరగున్రి సాబ్, దారానికి అడ్డమొస్తున్నరు" అన్నారు పెద్దాయన.

సారు పక్కకు జరిగారు. నేను ముందుకొచ్చి గీతల చెక్కపట్టీ పక్కన నిలబడ్డాను. యాభై అయిదు, సరిగ్గా నడుమ. మండపమంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. పెద్దాయన చేతులు జోడించి లోపలికి దణ్ణం పెట్టుకున్నారు. తర్వాత అందరి ముందూ, "ఇగ సంది మా పని ఏదున్నా ఈ అమ్మతోనే మాట్లాడ్త" అన్నారు. సారు వినపడనట్టు ఫోను తీసి చూసుకున్నారు.

జనం కదిలాక పెద్దాయన ఆ విడి రాయి దగ్గర ఆగారు. దాని అంచు మీద వేలు పెట్టి మందం చూసుకున్నారు. వ్యాపారం చేసిన మనిషి, అర్థమవడానికి ఎంతసేపు పడుతుంది?

"నీకు ముందుగాలనే ఎర్కనా అమ్మా?"

"ఎరికేనండీ."

రాయి మీద నుంచి వేలు తీశారు. "మా దగ్గర ఏడాదికొక దినం అందరితోని మాఫీ అడుగుతం, అందరికీ మాఫీ ఇస్తం. దిల్ హల్కా అయితది. నువ్వు సుత ఇచ్చెయ్యి ఆ సాబ్‌కు" అన్నారు మెల్లగా.

"ఆయన అడగలేదు కదండీ" అన్నాను. పెద్దాయన తల ఊపి వెళ్ళిపోయారు.

తిరిగి ఆఫీసుకు సారు కారులోనే రావాల్సి వచ్చింది. డ్రైవర్ పక్కన నేను, వెనక ఆయన. ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర బండి ఆగింది. అప్పటిదాకా కిటికీలోంచి చూస్తున్న మనిషి, అదే మాట అడిగారు. "రాయి మందం పెరిగిందని నీకు ముందే తెలుసు కదమ్మా?"

"తెలుసు సార్."

"మరి నాకొక్క మాట చెప్పొద్దూ? ఇంతమందిలో నా పరువేమైంది?"

ఇన్నాళ్ళలో నాకు చేసిన దాని గురించి ఒక్క మాట వస్తుందేమోనని కాసేపు ఆగి చూశాను. రాలేదు. వెనక్కి తిరిగి ఆయన ముఖంలోకి చూస్తూ, ఆఫీసులో ఇన్నేళ్ళూ మాట్లాడినంత మర్యాదగానే చెప్పాను.

"లెక్క మీదే అన్నారు కదా సార్. మీకు తెలిసే ఉంటుందనుకున్నాను."

గ్రీన్ సిగ్నల్ పడింది. బేగంపేట వచ్చేదాకా ఆయన కిటికీలోంచే చూస్తూ కూర్చున్నారు. ఆ దారి పొడుగునా నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.